పిండం ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు ఎలా పుడతాయి? పెన్సిల్ పట్టుకుని మెట్టు మెట్టుగా నేర్చుకుందాం

ఎంబ్రియాలజీ చదివే పిల్లల్ని ఊపిరితిత్తి బొమ్మ గీయమంటే దాదాపు అందరూ ఒకేలా గీస్తారు. ముందు గాలి గొట్టాల చెట్టు, కొమ్మలూ రెమ్మలూ అన్నీ పూర్తిగా, చివర ద్రాక్ష గుత్తుల్లా వాయుగోణులు. అదంతా అయ్యాక నీలం పెన్సిల్, ఎర్ర పెన్సిల్ తీసుకుని ఆ చెట్టు పక్కనే రెండు గీతలు లాగేసి రక్తనాళాలు అని రాస్తారు. పరీక్షలో మార్కులు పడిపోతాయి, కానీ పిండంలో జరిగేది ఇది కాదు. ఊపిరితిత్తి ఇంకా చిన్న మొగ్గగా ఉన్నప్పుడే దాని చుట్టూ రక్తనాళాల వల ఉంటుంది. మొగ్గ వేసే ప్రతి అడుగులోనూ ఆ వల తోడుగా పెరుగుతుంది, మొగ్గ ఎటు చీలాలన్నదాంట్లో కూడా ఆ వలకి భాగం ఉంది. ఈ సంగతి చదివితే ఎక్కదు, గీస్తే ఎక్కుతుంది. అందుకే ఇది గీసుకుంటూ చదవాల్సిన గైడ్.

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం వాళ్లకి, ఎమ్మెస్సీ జువాలజీ వాళ్లకి, మొదటిసారి చిట్టెలుక పిండాల మీద పని మొదలుపెట్టబోయే రీసెర్చ్ విద్యార్థులకి పనికొస్తుందని రాస్తున్నాను. ల్యాబ్ లేనివాళ్లు చివరి మెట్టు వదిలేసినా నష్టం లేదు.

మొదలుపెట్టే ముందు: రంగులు, క్యాలెండర్

ఆరు తెల్ల కాగితాలు తీసుకోండి, ఒక్కో దశకి ఒకటి. నలుపు పెన్సిల్ గాలి గొట్టాలకి. ఇక ఎరుపు, నీలం విషయంలో జాగ్రత్త. పాఠ్యపుస్తకాల్లో పుపుస ధమనికి నీలం, పుపుస సిరకి ఎరుపు వేస్తారు, ఎందుకంటే పుట్టాక ఊపిరితిత్తి నుంచి వచ్చే రక్తంలోనే ఆక్సిజన్ ఎక్కువ. పిండంలో ఆక్సిజన్ తెచ్చేది మాయ, ఊపిరితిత్తి కాదు. కాబట్టి ఆ రంగులు పిండం బొమ్మలో వాడితే తప్పు అర్థం వస్తుంది. నేను పిల్లలకి చెప్పేది ఇది: గుండె నుంచి ఊపిరితిత్తికి వెళ్లేదానికి ఊదా, తిరిగి వచ్చేదానికి నారింజ, ఇంకా ఏ వైపో తేలని సన్నటి వలకి ఆకుపచ్చ. ఈ ఆకుపచ్చే మనకి అన్నిటికన్నా ముఖ్యం.

తర్వాత క్యాలెండర్. స్కానింగ్ రిపోర్టులో వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. ఎంబ్రియాలజీ పుస్తకాల్లో ఫలదీకరణ రోజు నుంచి లెక్కేస్తారు. రెండింటికీ దాదాపు 2 వారాల తేడా. ఒక పుస్తకంలో 5వ వారం అని, ఇంకో చోట 7వ వారం అని ఉంటే చాలామంది ఏది తప్పో తేల్చుకోలేక టెన్షన్ పడతారు, రెండూ ఒప్పే కావచ్చు. ఇక్కడ నేను ఫలదీకరణ లెక్కే వాడుతున్నాను. చిట్టెలుకకి లెక్క వేరు, దాని గర్భం మొత్తం 19-20 రోజులే. జత కట్టిన గుర్తు కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5వ రోజు అంటారు. ప్రతి కాగితం మీద ఒక మూల మనిషి వయసు, ఇంకో మూల చిట్టెలుక వయసు రాసుకోండి.

మెట్టు 1: కోడిగుడ్డు వెనక టార్చ్ పెట్టి చూడండి

ఊపిరితిత్తి దగ్గరికి వెళ్లే ముందు రక్తనాళం పుట్టడం అంటే ఏమిటో కళ్లతో చూస్తే మంచిది, దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. పుంజు తిరిగే మందలోని నాటుకోడి గుడ్లు కావాలి, దుకాణంలో దొరికే ఫారం గుడ్లు పనికిరావు, వాటిలో పిండం ఉండదు. ఇంట్లో పొదుగు కోడి ఉంటే ఇంకా మంచిది, లేదంటే 37.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే ఇంక్యుబేటర్ చాలు. నాలుగో రోజు రాత్రి గది దీపాలు ఆర్పేసి, ఫోన్ టార్చ్ మీద గుడ్డు లావు వైపు ఆనించి పట్టుకోండి. పెంకు లోపల నారింజ రంగు వెలుగు నిండుతుంది, దాని మధ్యలో ఒక సాలీడు కాళ్లు చాపినట్టు సన్నటి ఎర్ర దారాలు కనిపిస్తాయి. గుడ్డుని మెల్లగా తిప్పితే ఆ సాలీడు కూడా కొద్దిగా ఊగుతుంది. రెండు నిమిషాలు చూసి మళ్లీ కోడి కింద పెట్టేయండి, చల్లబడనివ్వకండి.

మీరు చూసింది ఊపిరితిత్తి రక్తనాళాలు కాదు, పచ్చసొన మీద పరుచుకునే నాళాలు. కానీ సూత్రం అదే. ఆ దారాలు మొదటి నుంచీ దారాలుగా లేవు. రెండో రోజుకల్లా అక్కడ కణాల చిన్న చిన్న గుంపులు ఏర్పడతాయి, వాటికి రక్త ద్వీపాలని పేరు. గుంపులో బయటి కణాలు నాళం గోడ అవుతాయి, లోపలివి రక్త కణాలు అవుతాయి. పక్కపక్క ద్వీపాలు కలిసి వల అవుతాయి. గుండె కొట్టుకోవడం మొదలయ్యాక రక్తం ఎక్కువగా పారే దారులు లావవుతాయి, పారనివి సన్నబడి పోతాయి. ఇలా ప్రవాహమే నాళాల రూపాన్ని మారుస్తుందని రిచర్డ్ థోమా 1893లోనే కోడి పిండం చూసి చెప్పాడు. వల ముందు, చెట్టు తర్వాత. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, ఊపిరితిత్తిలో మళ్లీ పనికొస్తుంది.

మెట్టు 2: రెండు మాటలు విడదీసుకోండి

వాస్క్యులోజెనెసిస్ అంటే నాళం లేని చోట విడి కణాలు కూడి కొత్తగా నాళం కట్టడం. ఆంజియోజెనెసిస్ అంటే ఉన్న నాళం నుంచే కొత్త కొమ్మ మొలవడం లేదా ఉన్న నాళం లోపల గోడ లేచి రెండుగా చీలడం. ఒకటి విత్తనం వేసి మొక్క తేవడం, రెండోది అంటు కట్టడం అనుకోండి. రెండింటి చివరా ఉండేవి ఒకే రకం కణాలు, నాళం లోపలి గోడ కట్టే ఎండోథీలియల్ కణాలు. నాళం పూర్తయ్యాక చూస్తే ఏ పద్ధతిలో వచ్చిందో చెప్పలేం. తయారవుతుండగా పట్టుకోవాలి. ఊపిరితిత్తి విషయంలో పరిశోధకులు ఏళ్ల తరబడి వాదించుకున్నది దీని గురించే, ఆ వాదన దగ్గరికి నాలుగో మెట్టులో వద్దాం.

మెట్టు 3: మొదటి కాగితం మీద మొగ్గ, దాని చుట్టూ ఆకుపచ్చ

మనిషిలో నాలుగో వారంలో, చిట్టెలుకలో 9.5వ రోజుకి, అన్నవాహిక అవ్వబోయే గొట్టం ముందు గోడలోంచి చిన్న ఉబ్బు వస్తుంది. అదే ఊపిరితిత్తి మొగ్గ. ఆ ఉబ్బు రాకముందే ఆ చోటి కణాల్లో ఎన్‌కేఎక్స్ 2.1 అనే జన్యువు పనిచేయడం మొదలవుతుంది, ఇక్కడ శ్వాస వ్యవస్థ రాబోతోందని దాన్ని బట్టే గుర్తిస్తారు. మొగ్గ వెంటనే కుడి ఎడమలుగా చీలుతుంది.

కాగితం మధ్యలో నల్ల పెన్సిల్‌తో తలకిందులుగా ఉన్న వై ఆకారం గీయండి. దాని చుట్టూ మందంగా చుక్కలు పెట్టండి, అవి మీసెన్‌కైమ్ అనే వదులు కణజాలం. ఇప్పుడు ఆకుపచ్చ తీసుకుని ఆ చుక్కల మధ్య, మొగ్గని తాకీ తాకనట్టు చుట్టూ వల అల్లండి. చేపల వల మొగ్గ మీద కప్పినట్టు ఉండాలి. వల గళ్లు సమానంగా ఉండక్కర్లేదు. చాలామంది ఇక్కడ వల వేయడానికి తటపటాయిస్తారు, ఇంత త్వరగానా అని. అవును, ఇంత త్వరగానే. మనిషి పిండాల సీరియల్ సెక్షన్లు, అంటే వరుసగా కోసిన పల్చటి ముక్కలు, పరిశీలించినవాళ్లు 34వ రోజుకే గుండె నుంచి వల దాకా, వల నుంచి తిరిగి గుండె దాకా దారి తెరుచుకుని ఉండటం చూశారు. అప్పటికి గాలి గొట్టం కొమ్మలు వేయడం మొదలై ఎంతో కాలం కాలేదు.

నన్ను బాగా కదిలించిన ప్రయోగం ఒకటుంది, ఇక్కడే చెప్పాలి. 2013లో నేచర్ పత్రికలో వచ్చింది. చిట్టెలుకల్లో ఊపిరితిత్తి మొగ్గే రాకుండా ఆపేశారు. మొగ్గ లేకపోతే దాని చుట్టూ రక్తనాళాలు ఎందుకొస్తాయి అనుకుంటాం కదా, కానీ పుపుస నాళాల మొదటి వల ఏర్పడింది. గుండెకీ ఊపిరితిత్తికీ మధ్య ఉండే ఒక రకం మూలకణాలు రెండు వైపులకీ కణాలు పంచుతాయని, వాటిలోంచి నాళాల కణాలు కూడా వస్తాయని ఆ పని చూపించింది. ఇల్లు కట్టకముందే వీధిలో కరెంటు లైను వేసినట్టు. రక్తనాళాలు ఊపిరితిత్తి వెనక పరుగెత్తుకొచ్చేవి కావనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

మెట్టు 4: వలని గుండెకి కలపండి, వాదన అర్థం చేసుకోండి

రెండో కాగితం. మొగ్గ పైన గుండె నుంచి బయటికొచ్చే గొట్టం గీసి, దాని నుంచి ఆరో ధమనీ చాపాల జత (పిండంలో గుండె నుంచి వెనక బృహద్ధమని వైపు వంగి వెళ్లే నాళాల జతల్లో చివరిది) గీయండి. అక్కడి నుంచి ఊదా రంగుతో కుడికొకటి, ఎడమకొకటి వలలోకి కలపండి. ఎడమ ఆరో చాపంలో చివరి భాగం డక్టస్ ఆర్టీరియోసస్ అవుతుంది, పిండం దశలో రక్తం ఊపిరితిత్తిని తప్పించుకుని బృహద్ధమనిలోకి పోయే దారి అదే. కింద నుంచి, గుండె ఎడమ కర్ణిక వెనక గోడ దగ్గర, నారింజతో ఒకే ఒక సిర గీసి వలకి కలపండి. ఈ ఒక్క సిర తర్వాత కర్ణిక గోడలోకి కలిసిపోతుంది, దాని కొమ్మలు నాలుగు విడివిడిగా కర్ణికలో తెరుచుకుంటాయి. ఇది సరిగా కలవకపోతే పుపుస సిరలు కర్ణికకి బదులు శరీర సిరల్లోకి వెళ్లిపోతాయి. పిల్లల గుండె డాక్టర్లు టీఏపీవీసీ అనేది ఆ లోపాన్నే. ఈ ఒక్క నారింజ గీత ఎంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక వాదన. ముగ్గురు మూడు మాటలు చెప్పారు, ముగ్గురూ జాగ్రత్తగా పనిచేసినవాళ్లే. 1997లో డిమెల్లో బృందం చిట్టెలుక పిండం నాళాల్లోకి రెసిన్ ఎక్కించి, అది గట్టిపడ్డాక కణజాలం కరిగించి, మిగిలిన అచ్చు చూసింది. పెద్ద నాళాలు గుండె వైపు నుంచి మొలుస్తాయి, అంచున రక్తపు మడుగులు విడిగా పుడతాయి, ఈ రెండూ 13-14 రోజుల దగ్గర కలుస్తాయి అన్నారు. తర్వాత 2000లో లండన్‌లో హాల్, హేవర్త్ మొదలైనవాళ్లు మనిషి పిండాల సెక్షన్లు వరుసగా పేర్చి చూసి, ధమనులు మొగ్గ చుట్టూ ఉన్న మీసెన్‌కైమ్‌లోనే కొత్తగా పుడుతున్నాయి అన్నారు. 2005లో పరేరా బృందం నాళాల కణాలు నీలంగా కనిపించేలా మార్చిన చిట్టెలుకలు వాడి, మొగ్గ మొదటి రోజు నుంచే వల గుండెకి కలిసే ఉంది, కొత్త నాళాలు అంచున ఉన్న వల నుంచే మొలుస్తున్నాయి అన్నారు. దీనికి డిస్టల్ ఆంజియోజెనెసిస్ అని పేరు పెట్టారు.

పరీక్షలో మూడూ రాయండి. కానీ మీకు మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఎవరు ఏ పనిముట్టుతో చూశారు? రెసిన్ చిక్కగా ఉంటుంది, సన్నటి దారి తెరిచే ఉన్నా అందులోకి వెళ్లకపోవచ్చు, అప్పుడు అచ్చులో దారి లేదనే కనిపిస్తుంది. నీలంగా మారిన కణాలు దారి ఎంత సన్నదైనా కనిపిస్తాయి. సెక్షన్ అంటే ఆగిన క్షణం, ఆ కణం ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. నా మట్టుకు నాకు, తొలి వల విడి కణాలు కూడి వస్తుంది, గుండెకి చాలా త్వరగా కలుస్తుంది, ఆ తర్వాత పెరుగుదలలో ఎక్కువ భాగం ఉన్న వల నుంచి మొలిచేదే అన్నది సాక్ష్యాలకి దగ్గరగా కనిపిస్తుంది. మీరు గీసేటప్పుడు అంచున ఆకుపచ్చ వలకి చిన్న చిన్న మొలకలు పెట్టండి, మొగ్గ ముందుకెళ్లే కొద్దీ అవి ముందుకెళతాయి.

మెట్టు 5: ఎవరు ఎవరికి కబురు పంపుతున్నారు

ఇదే కాగితం మీద బాణాలు వేద్దాం. మీసెన్‌కైమ్ నుంచి మొగ్గ కొస వైపు ఒక బాణం, దాని మీద ఎఫ్‌జీఎఫ్10 అనే కబురు ప్రొటీన్ పేరు రాయండి. మొగ్గ ఆ వైపు పెరుగుతుంది. ఈ జన్యువు లేని చిట్టెలుకలకి శ్వాసనాళం వస్తుంది, ఊపిరితిత్తులు మాత్రం రావు. మొగ్గ నుంచి మీసెన్‌కైమ్‌కి తిరుగు బాణం, సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ఇంకో ప్రొటీన్. ఈ కబురూ, ఎఫ్‌జీఎఫ్9 అనే ఇంకో కబురూ కలిసి మీసెన్‌కైమ్‌లో వీఈజీఎఫ్ అనే, నాళాలని పెంచే ప్రొటీన్ తయారీని నడిపిస్తాయి. వీఈజీఎఫ్ నుంచి ఆకుపచ్చ వలకి మూడో బాణం.

వీఈజీఎఫ్ దగ్గర కాసేపు ఆగండి. నాళాల కణాలకి ఇది అన్నం లాంటిది, కానీ కొలత ప్రకారం కావాలి. చిట్టెలుకలో ఈ జన్యువు రెండు కాపీల్లో ఒక్కటి పోయినా పిండం గర్భంలోనే చనిపోతుంది. ఇది 1996లో రెండు బృందాలు విడివిడిగా చూపించిన సంగతి. దీన్ని అందుకునే ఎఫ్ఎల్‌కే1 అనే గ్రాహకం పూర్తిగా లేకపోతే రక్త ద్వీపాలే ఏర్పడవు. అలాగని ఎక్కువైనా మంచిది కాదు, ఊపిరితిత్తి కణాల్లో అవసరానికి మించి తయారయ్యేలా చేస్తే గాలి గొట్టాల కొమ్మలు దెబ్బతిన్నాయి. పైగా ఇది ఒకే రూపంలో ఉండదు. పొట్టి రూపం దూరం పాకుతుంది, పొడుగు రూపం తయారైన చోటే అతుక్కుని ఉంటుంది. పొట్టి రూపం మాత్రమే ఉన్న చిట్టెలుకల్లో గాలికీ రక్తానికీ మధ్య పల్చటి గోడలు తక్కువగా ఏర్పడ్డాయి. ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ ముఖ్యం.

ఇంకో బాణం మిగిలింది, చాలా బొమ్మల్లో ఉండనిది: ఆకుపచ్చ వల నుంచి మొగ్గకి. 2008లో స్టాన్‌ఫర్డ్‌లోని మార్క్ క్రాస్నో ల్యాబ్ వాళ్లు చిట్టెలుక ఊపిరితిత్తి కొమ్మలు మూడు పద్ధతుల్లోనే వేస్తుందని చూపించారు. పక్కకి వరుసగా మొలకెత్తడం, ఒకే తలంలో రెండుగా చీలడం, లంబంగా తిరిగి చీలడం. 2011లో ఎలీ కెషెట్ ల్యాబ్‌లో నాళాలని తీసేసి చూస్తే కొమ్మలు ఆగలేదు కానీ ఆ మూడో పద్ధతి దెబ్బతింది, ఊపిరితిత్తి బల్లపరుపు అయింది. రక్తం పారకపోవడం వల్ల కాదు. రక్తప్రవాహమే లేని కల్చర్ ప్లేట్‌లో పెంచిన ఊపిరితిత్తిలోనూ అదే జరిగింది. అంటే నాళం కణాలు పక్కన ఉండటమే మొగ్గకి ఒక కబురు. ఆ బాణం లావుగా గీయండి.

మెట్టు 6: చెట్టు, దాని జంట, మధ్యలో సిర

మూడో కాగితం, మనిషిలో 5 నుంచి 17 వారాలు. సెక్షన్ చూస్తే గ్రంథిలా కనిపిస్తుంది కాబట్టి సూడోగ్లాండ్యులర్ దశ అంటారు. ఇక్కడ పని ఎక్కువ, చెప్పడానికి తక్కువ. గాలి గొట్టాలు కొమ్మ మీద కొమ్మ వేస్తాయి, గాలి మార్పిడి జరిగే చోటికి ముందు వరకు ఉన్న కొమ్మలన్నీ ఈ దశలోనే పూర్తవుతాయి, వాటి పక్కనే ధమనులు కూడా. ధమని గోడకి కండర కణాలు చేరతాయి, కొన్ని పక్కనున్న శ్వాసనాళిక కండరం నుంచి, కొన్ని చుట్టూ ఉన్న మీసెన్‌కైమ్ నుంచి. ఊపిరితిత్తి కణజాలాన్ని పోషించే బ్రాంకియల్ ధమనులు వేరే, అవి బృహద్ధమని నుంచి ఆలస్యంగా వస్తాయి.

గీసేటప్పుడు ఒక్క నియమం తప్పకండి. ధమని గాలి గొట్టానికి జంటగా వెళ్తుంది, ఒకే తొడుగులో. సిర వాటితో కలవదు, రెండు కొమ్మల మధ్య ఖాళీలో, విభాగాల సరిహద్దు వెంట నడుస్తుంది. ఊళ్లో రోడ్డు పక్కన మంచినీళ్ల పైపు, ఇళ్ల వెనక మురుగు కాలువ ఉన్నట్టు. ఏ కణం ధమని, ఏది సిర అన్నది జన్యువుల స్థాయిలోనూ తేలుతుంది, ధమని వైపు ఎఫ్రిన్ బీ2, సిర వైపు ఎఫ్ బీ4 (EphB4) అన్నవి గుర్తులు.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో ఒక జబ్బు చెబుతుంది. ఏసీడీఎంపీవీ అనే అరుదైన లోపంలో సిరలు దారి తప్పి ధమని పక్కనే, అదే తొడుగులో కనిపిస్తాయి, వాయుగోణుల చుట్టూ కేశనాళికలు తగినన్ని ఉండవు. పుట్టిన బిడ్డ కొద్ది గంటల్లో, రోజుల్లో నీలంగా మారుతుంది, మామూలు వైద్యానికి లొంగదు. చాలా కేసుల్లో కారణం ఫాక్స్‌ఎఫ్1 అనే జన్యువులో, లేదా దాన్ని నియంత్రించే భాగంలో లోపమని 2009 తర్వాత తేలింది. ఈ జన్యువు పనిచేసే చోటు మనం మొదటి కాగితం మీద చుక్కలు పెట్టిన మీసెన్‌కైమే.

మెట్టు 7: గోడ పల్చబడటం

నాలుగో కాగితం, 16 నుంచి 26 వారాలు. ఇప్పటిదాకా గొట్టం ఎపిథీలియానికీ (లోపలి వైపు కణాల పొరకీ) కేశనాళికకీ మధ్య చుక్కల పొర మందంగా ఉంది. ఇప్పుడు కేశనాళికలు విపరీతంగా పెరిగి ఎపిథీలియానికి ఆనుకుంటాయి, ఆనుకున్న చోట ఎపిథీలియం కణం చపాతీ ఒత్తినట్టు పల్చబడుతుంది. అదే టైప్ 1 కణం. పక్కన దిమ్మలా మిగిలేది టైప్ 2, వాయుగోణులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ తయారు చేసేది. చుక్కలు చెరిపేసి ఆకుపచ్చని నలుపుకి తాకించండి. పెద్దవాళ్ల ఊపిరితిత్తిలో గాలికీ రక్తానికీ మధ్య గోడ మైక్రాన్ కంటే తక్కువ మందం ఉంటుంది, దానికి పునాది ఇక్కడ పడుతుంది. నెలలు బాగా తక్కువగా పుట్టిన బిడ్డ బతుకుతుందా లేదా అన్నది చాలావరకు ఈ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకో సంగతి. పిండంలో ఆక్సిజన్ చాలా తక్కువ, మనం పీల్చే గాలితో పోలిస్తే. అది లోపం కాదు. తక్కువ ఆక్సిజన్‌లో హిఫ్ అనే ప్రొటీన్లు నిలబడి వీఈజీఎఫ్ తయారీ పెంచుతాయి. చిట్టెలుక పిండం ఊపిరితిత్తిని 3 శాతం ఆక్సిజన్‌లో పెంచితే మామూలు గాలిలో కన్నా నాళాలు బాగా నిలిచాయి. హిఫ్-2 ఆల్ఫా లేని చిట్టెలుక పిల్లలు పుట్టగానే శ్వాస అందక చనిపోయాయి. అంటే నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తి తను ఎదగాల్సిన వాతావరణంలోంచి ఒక్కసారిగా ఆక్సిజన్ ఎక్కువున్న చోటికి వచ్చిపడుతుంది. అలాంటి బిడ్డల్లో వచ్చే బీపీడీ అనే జబ్బులో వాయుగోణులు తక్కువగా, పెద్దగా ఉంటాయి, నాళాలూ సరిగా ఎదగవు. పసి ఎలుకల్లో నాళాల పెరుగుదలని మందుతో ఆపితే వాయుగోణుల సంఖ్య కూడా తగ్గిందని 2000లోనే చూపించారు. ఇక్కడ కూడా నాళమే ముందుండి నడిపిస్తోంది.

మెట్టు 8: రెండు వలలు ఒకటవడం

ఐదో కాగితం 24 నుంచి 38 వారాలు, ఆరోది 36వ వారం నుంచి పుట్టాక కొన్నేళ్ల దాకా. గొట్టాల చివర సంచులు ఉబ్బుతాయి. రెండు సంచుల మధ్య గోడలో రెండు కేశనాళికల వలలు ఉంటాయి, అటు సంచికొకటి, ఇటు సంచికొకటి. ఆ గోడలోంచి చిన్న మడతలు లేచి సంచిని గదులుగా విడగొడతాయి, మడత లేచినప్పుడు ఒక వైపు వల మడత లోపలికి లాగబడుతుంది. తర్వాత గోడ పల్చబడి రెండు వలలు ఒక్కటవుతాయి. ఒకే కేశనాళిక రెండు వైపులా గాలిని తాకుతుంది. కాగితాన్ని మడిచి చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది: రెండు వైపులా ఆకుపచ్చ గీతలు గీసిన కాగితాన్ని మధ్యలో గట్టులా పైకి లేపండి.

కేశనాళికల కణాలన్నీ ఒకటే అనుకునేవాళ్లం. 2020లో రెండు రకాలున్నాయని తేలింది. ఏరోసైట్ అనేది చాలా పెద్దగా, చిల్లులున్న ఆకులా పరుచుకుని గాలి మార్పిడికి ప్రత్యేకించిన కణం. రెండోది మామూలు కేశనాళిక కణం, అవసరమైతే విభజన చెంది రెండు రకాలనీ తయారు చేయగలదు. ఏరోసైట్ రావాలంటే పక్కనున్న టైప్ 1 కణం నుంచి వీఈజీఎఫ్ అందాలి. ఐదో మెట్టులో గీసిన బాణం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది, పంపేవాళ్లు మాత్రం మారారు.

పుట్టేదాకా ఈ వలలోకి గుండె పంపే రక్తం కొద్దిగానే, మొత్తంలో పదో వంతు నుంచి నాలుగో వంతు మధ్య. తొలి శ్వాసతో నాళాలు వెడల్పై రక్తం ఒక్కసారిగా లోపలికి వస్తుంది, డక్టస్ ఆర్టీరియోసస్ రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. ఆరో కాగితం మీద ఇప్పుడు ధమనికి నీలం, సిరకి ఎరుపు వేసుకోవచ్చు.

మెట్టు 9: ల్యాబ్ ఉన్నవాళ్లకి

మన దేశంలో చిట్టెలుకల మీద పనికి మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి, అది లేకుండా ఒక్క పిండాన్ని కూడా ముట్టుకోకండి. 12.5వ రోజు పిండం మొదటి ప్రయత్నానికి సరిపోతుంది. చల్లటి బఫర్‌లో, స్టీరియో మైక్రోస్కోప్ కింద, సన్నటి మొన ఉన్న ఫోర్సెప్స్ రెండు పెట్టుకుని గుండె, ఊపిరితిత్తులు కలిపి ఒకే ముద్దగా బయటికి తీయండి. ఊపిరితిత్తి పెసర గింజ కన్నా చిన్నది, చూడ్డానికి పాలలా తెల్లగా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. చిట్టెలుకలో కుడి వైపు నాలుగు లంబికలు, ఎడమ వైపు ఒకటే, దాన్ని బట్టి వైపులు పోల్చుకోండి. అందరూ చేసే తప్పు గుండెని లాగి విడదీయడం, అప్పుడు సిర దగ్గర చిరిగి తొలి నాళాలు పోతాయి. లాగొద్దు, కత్తిరించండి. నాళాలే చూడాలంటే గుండెని విడదీయకుండా ఊపిరితిత్తితో కలిపే స్టెయిన్ చేయండి.

4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, నాళాలకి పీకామ్ యాంటీబాడీ (ఎండోథీలియల్ కణాల మీది ప్రొటీన్‌కి అంటుకునేది), గాలి గొట్టాలకి ఈ-క్యాడ్‌హెరిన్ యాంటీబాడీ (ఎపిథీలియం కణాల ప్రొటీన్‌కి అంటుకునేది) కలిపి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. కడగడంలో తొందర పడొద్దు, మొత్తం అవయవం కాబట్టి యాంటీబాడీ లోపలి నుంచి బయటికి రావడానికి గంటలు పడుతుంది. సగం కడిగితే బొమ్మంతా మసగ్గా మెరుస్తుంది. పీకామ్ కొన్ని రక్త కణాలకీ పడుతుంది, ఎర్ర రక్త కణాలు వాటంతటవే మెరుస్తాయి, కాబట్టి విడిగా కనిపించే చుక్కలని నాళాలుగా లెక్కపెట్టకండి, మైక్రోస్కోప్‌లో పొర నుంచి పొరకి కొనసాగే గీతలనే లెక్కపెట్టండి. పోల్చి చూడటానికి మొదటి యాంటీబాడీ (పైన చెప్పిన పీకామ్, ఈ-క్యాడ్‌హెరిన్ లాంటిది) వేయని ఒక ఊపిరితిత్తి ఎప్పుడూ పక్కన ఉండాలి.

బతికున్న ఊపిరితిత్తి పెరగడం చూడాలంటే 11.5 లేదా 12.5వ రోజు ఊపిరితిత్తిని చిల్లుల పొర మీద పెట్టి, కింద మీడియం, పైన గాలి ఉండేలా 37 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు పెంచవచ్చు. కొమ్మలు కళ్ల ముందే చీలతాయి. కానీ ఇందులో గుండె లేదు, ప్రవాహం లేదు, కాబట్టి పెద్ద నాళాలు ఎదగలేదని రిపోర్ట్ రాయకండి, మొదటి మెట్టులో గుడ్డు చూపించింది అదే కదా. ఇక్కడ చూడాల్సింది సన్నటి వల ఒక్కటే. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కింద మొగ్గ కొస దగ్గర ఆగి, పొర తర్వాత పొర కిందికి దిగండి. ఎక్కడ కొస రెండుగా చీలబోతోందో అక్కడ, ఆ చీలిక మధ్య పల్లంలో, పీకామ్ దారం ఒకటి అడ్డంగా పడి ఉందేమో చూడండి, మీ రెండో కాగితం పక్కన పెట్టుకుని.